తక్కువ ధర వేట రైఫిల్, పక్కా గురి: పనితనమా, యంత్రమా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ జింకల వేటకు కొత్తగా వెళ్తున్న మనవాళ్లూ, వేటతో సంబంధం లేకపోయినా తయారీ విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లూ అడిగే ప్రశ్నలివి. ఇక్కడ మాట్లాడుకునేది బోల్ట్ యాక్షన్ రైఫిళ్ల గురించే. అంటే బ్యారెల్ అనే గొట్టాన్ని వెనక నుంచి మూసే ఉక్కు కడ్డీని (బోల్ట్) ఒక్కో తూటాకూ చేత్తో పిడి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసే రకం. ధరలు డాలర్లలో, దూరాలు గజాల్లో, గుళ్ల మధ్య ఎడం అంగుళాల్లో ఇచ్చాను. అక్కడి దుకాణాల్లో, రేంజ్‌లలో (కాల్చి సాధన చేసే చోట్లలో) వాడేది ఆ కొలతలే.

ఐదు వందల డాలర్ల రైఫిల్ నిజంగా గురిగా కొడుతుందా? లేక అది అమ్మేవాళ్ల మాటేనా?

కొడుతుంది. 1960ల్లో మామూలు ఫ్యాక్టరీ రైఫిల్ వంద గజాల దగ్గర రెండు అంగుళాల లోపు గుళ్లు పెడితే మంచి రైఫిల్ కిందే లెక్క. అంగుళంలో పెట్టేది చేతికి వస్తే దాన్ని చచ్చినా అమ్ముకునేవాళ్లు కాదు. ఇప్పుడు రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ లాంటి చౌక రకాలే, వాటికి నప్పే తూటా దొరికితే, అంగుళానికీ అంగుళంన్నరకూ మధ్య పెడుతున్నాయి.

పనివాళ్ల చెయ్యి బాగుపడి ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. ఆ ఫ్యాక్టరీల్లో చెయ్యి తిరిగిన ఫిట్టర్లు ఒకప్పటి కంటే తక్కువే. మారింది రైఫిల్‌ను గీసే పద్ధతి. ఎక్కడెక్కడ మనిషి ఆకురాయి పట్టుకుని సర్దాల్సి వస్తోందో ఇంజనీర్లు చూసుకుని, అక్కడ సర్దే పనే రాకుండా గీశారు. కింది జవాబులన్నీ తిరిగి తిరిగి ఈ సంగతి దగ్గరికే వస్తాయి.

గురిని ఎలా కొలుస్తారు? ఎంతుంటే చాలు?

షూటర్లు ఎంఓఏ అంటారు. డిగ్రీలో అరవయ్యో వంతు కోణం అది. వంద గజాల దగ్గర 1.047 అంగుళం అవుతుంది. ఆ దశాంశాన్ని ఎవరూ పట్టించుకోరు, అంగుళం అనే అంటారు. రెండొందల గజాలకు రెండంగుళాలు, మూడొందలకు మూడు.

వైట్‌టెయిల్ జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. రెండు ఎంఓఏ రైఫిల్ రెండొందల గజాల దగ్గర నాలుగంగుళాల్లో పెడుతుంది. వేటకు అది బొటాబొటీ కాదు, ధారాళంగా సరిపోతుంది. అక్కడి నుంచి తేడా తెచ్చేది కాల్చేవాడి భుజం, ఊపిరి, గుండె దడ. అరంగుళం రైఫిల్ కోసం మూడింతలు డబ్బు పోసి, తీరా అడవిలో చెట్టుకు చేరగిలబడి నాలుగంగుళాల వణుకుతో కాల్చేవాళ్లకు కొదవ లేదు.

కంపెనీ "ఒక ఎంఓఏ గ్యారంటీ" అని రాస్తోంది. నమ్మొచ్చా?

మాటలో అబద్ధం ఉండదు, లెక్కలో కిటుకు ఉంటుంది. ఇలాంటి గ్యారంటీలు ఎక్కువగా మూడు గుళ్ల గ్రూపు (ఒకే గురికి వరసగా కాల్చిన గుళ్ల గుంపు) మీద ఇస్తారు. అదే రైఫిల్‌తో, అదే పెట్టెలోని తూటాలతో ఐదు కాలిస్తే గ్రూపు సగటున పావు వంతుకు పైగా పెద్దదవుతుంది. పది కాలిస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. రైఫిల్‌లో లోపం వల్ల కాదు. ఎక్కువ గుళ్లు వేసేకొద్దీ అంచున పడేది ఒకటి తగిలే అవకాశం పెరుగుతుంది, అంతే. మూడు గుళ్లతో అంగుళం అన్న రైఫిల్ పది గుళ్లతో అంగుళంన్నర పైన చూపిస్తే కంపెనీ మోసం చేసినట్టు కాదు.

సోషల్ మీడియాలో అరంగుళం గ్రూపు ఫొటో పెట్టేవాళ్లు కూడా తొమ్మిది గ్రూపులు జేబులో దాచుకుని పదోది చూపిస్తారు. రెండు రైఫిళ్లను పోల్చాలంటే రెండింటితోనూ కనీసం పది గుళ్లు, బ్యారెల్‌ను మధ్యమధ్యలో చల్లారనిస్తూ కాల్చి చూడాలి. సన్నటి వేట బ్యారెల్ నాలుగైదు గుళ్లకే వేడెక్కి దారి మార్చుకుంటుంది.

చేత్తో చేసే రోజుల్లో ఆ చెయ్యి ఎక్కడెక్కడ పడేది?

దాదాపు ప్రతిచోటా. మౌజర్ 1898లో జర్మన్ సైన్యానికి ఇచ్చిన రైఫిలే ఆ తర్వాతి బోల్ట్ రైఫిళ్లకు చాలావరకు మూలం. దాని రిసీవర్‌ను, అంటే బ్యారెల్ వెనక బోల్ట్ ఆడే ఉక్కు భాగాన్ని, కాల్చి కొట్టిన ఉక్కు దిమ్మ నుంచి పదుల కొద్దీ మిషన్ల మీద తొలిచేవాళ్లు. తర్వాత గట్టిపరచడానికి మళ్లీ కాలిస్తే ఉక్కు కాస్త వంకరపోతుంది. ఆ వంకర సర్దడానికి ఫిట్టర్ కావాలి. బోల్ట్‌కు ముందుండే రెండు కొమ్ములూ రిసీవర్‌కు సమంగా ఆనకపోతే రాపిడి మందు పెట్టి నూరాలి. తూటా కూర్చునే గదిని ముందు కాస్త పొట్టిగా తొలిచి, చివరి కొసరు చేత్తో తిప్పుతూ, గేజ్ పెట్టి చూసుకుంటూ తీయాలి.

స్టాక్, అంటే రైఫిల్‌ను పట్టుకునే కర్ర భాగం, దగ్గర పని ఇంకా నెమ్మది. అక్రోటు కర్రలో ఇనుము కూర్చోవడానికి గాడి చెక్కాక, ఇనుముకు మసి పూసి కర్రలోకి దించుతారు. పైకి తీసి చూస్తే ఎత్తుగా ఉన్నచోట నల్ల మరక. ఆ మరక ఉన్నంత మేరే ఉలితో ఒక పొర గీకుతారు. మళ్లీ మసి, మళ్లీ దించడం, మళ్లీ గీకడం. మరక అక్కడక్కడా కాకుండా అంతటా సమంగా అంటేదాకా ఇదే తంతు, రోజుల తరబడి. ఇనుము ఒకచోట ఆని ఇంకోచోట గాలిలో ఉంటే, ప్రతి దెబ్బకూ రైఫిల్ కర్రలో ఒక్కో తీరుగా సర్దుకుంటుంది. గుళ్లు చెదిరిపోతాయి.

ఇంత కష్టపడ్డాక కూడా వానాకాలం వస్తే కర్ర నీరు పీల్చి ఉబ్బి బ్యారెల్‌ను పక్కకు నెట్టేది. సెప్టెంబరులో గురి సరిచూసుకున్న రైఫిల్ నవంబరులో మూడంగుళాలు ఎడంగా కొట్టేదని పాత వేటగాళ్లు వాపోయేది ఇందుకే. పనివాడు ఎంత గొప్పవాడైనా కర్ర స్వభావాన్ని మార్చలేడు.

"1964కు ముందు వించెస్టర్" అని అంత గొప్పగా చెబుతారు. అందులో ఏముంది?

వించెస్టర్ మోడల్ 70 వచ్చింది 1936లో. మౌజర్ పద్ధతిలోనే తూటా మ్యాగజైన్ (తూటాల అర) నుంచి పైకి లేస్తూనే బోల్ట్ పక్కనున్న పొడవాటి కొక్కెంలోకి దూరుతుంది. తలకిందులుగా పట్టుకుని బోల్ట్ ఆడించినా తూటా జారిపడదు. స్టాక్ మీద పట్టు కోసం గీసే గళ్లను చేత్తో కోసేవాళ్లు. కూలి పెరిగేకొద్దీ దాన్ని ఆ ధరకు చేయడం కంపెనీకి గిట్టుబాటు కాలేదు. 1964లో డిజైన్ మార్చారు. పెద్ద కొక్కెం పోయి చిన్నది వచ్చింది. గళ్లను కోయడం మానేసి వేడి అచ్చుతో అదిమారు. కొనేవాళ్లు ఒక్క చూపులో పసిగట్టి ఛీకొట్టారు. అమెరికా తుపాకుల చరిత్రలో ఒక కంపెనీ తన పేరును ఒక్క ఏడాదిలో ఇంతగా పోగొట్టుకున్న సందర్భం మరొకటి చెప్పడం కష్టం.

ఈ కథలో ఎవరూ గట్టిగా చెప్పని భాగం ఒకటుంది. 1964 తర్వాతి రైఫిళ్లు గురిలో పాతవాటికి తీసిపోలేదు. బ్యారెల్ సుత్తి మిషన్ల మీద తయారైంది, కర్రకు తగలకుండా వదులుగా కూర్చుంది. ఆ రెండూ గురికి మేలు చేసేవే. జనం తిట్టింది గురిని కాదు, కంటికీ చేతికీ తెలిసిన చౌకతనాన్ని. పనితనం, గురి వేర్వేరు సరుకులని మార్కెట్ అప్పుడే చెప్పింది. వినడానికి పరిశ్రమకు ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

పాత కొక్కెం పద్ధతి 1990ల్లో మళ్లీ వచ్చింది. న్యూ హేవెన్‌లోని ఆ ఫ్యాక్టరీ 2006లో మూతపడింది.

చౌకగా, గురిగా చేయొచ్చని మొదట నిరూపించింది ఎవరు?

రెమింగ్టన్ అనే చెప్పాలి. 1948లో వచ్చిన 721, 722 మోడళ్లకు రిసీవర్‌ను దిమ్మ నుంచి తొలవలేదు, గుండ్రటి ఉక్కు కడ్డీని లేత్ మీద తిప్పి చేశారు. లేత్ మీద గుండ్రంగా తిప్పడం కన్నా తేలికైన, ఖచ్చితమైన పని వర్క్‌షాపులో ఇంకోటి ఉండదు. బ్యారెల్‌కూ రిసీవర్‌కూ మధ్య వాషర్ లాంటి ఒక ముక్క పెట్టి, దెబ్బ తట్టుకునే కొమ్ముగా దాన్నే వాడుకున్నారు. ట్రిగ్గర్ గార్డు రేకును అదిమి చేసినది. చూడ్డానికి పేదగా ఉండేవి, కొట్టేవి మాత్రం గురిగా. వాటి వారసుడే 1962 నాటి మోడల్ 700. టార్గెట్ పోటీల రైఫిళ్ల నుంచి అమెరికా సైన్యం స్నైపర్ రైఫిళ్ల దాకా దాని మీదే కట్టారు.

సావేజ్ రైఫిల్ మీద ఆ వికారమైన నట్ ఎందుకు?

నాకు ఈ మొత్తం కథలో ఇష్టమైన భాగం ఆ నట్టే.

ముందు సమస్య చెప్పాలి. బోల్ట్ మూసినప్పుడు తూటా అడుగుకూ బోల్ట్ ముఖానికీ మధ్య ఎడం అంగుళంలో వెయ్యికి కొన్ని వంతుల లోపే ఉండాలి. దీన్ని హెడ్‌స్పేస్ అంటారు. ఎడం ఎక్కువైతే ఇత్తడి తొడుగు సాగి చిరుగుతుంది, తక్కువైతే బోల్ట్ మూసుకోదు. మామూలు రైఫిల్లో బ్యారెల్ మరలు రిసీవర్ అంచుకు తగిలి ఆగిపోతాయి. అందుకని ఆ ఎడం సరిగ్గా కుదరాలంటే బ్యారెల్, రిసీవర్, బోల్ట్ మూడూ ఒకదానికొకటి చేత్తో సరిచేసుకోవాల్సిందే.

నికొలస్ బ్రూవర్ 1958లో సావేజ్ 110కి గీసిన పద్ధతిలో బ్యారెల్ దేనికీ తగిలి ఆగదు. గదిలో గేజ్ పెడతారు, బోల్ట్ మూస్తారు, బ్యారెల్‌ను ఆ గేజ్ తగిలేదాకా తిప్పుతారు. తర్వాత పెద్ద నట్ బిగిస్తారు. అయిపోయింది. యాభై మిషన్లలో ఏదో ఒకటి అటూ ఇటూ కోసినా ఆ తేడాను నట్ మింగేస్తుంది. ఇదే రైఫిల్లో బోల్ట్ తల కూడా విడి ముక్క, కొద్దిగా ఆడుతుంది. ఆ ఆటవల్ల రెండు కొమ్ములూ వాటంతటవే సమంగా ఆనుకుంటాయి. నూరే ఫిట్టర్ అవసరం తీరిపోయింది.

అప్పట్లో దాని ధర సుమారు 110 డాలర్లు. దుకాణాల్లో చాలాకాలం దాన్ని బీదవాడి రైఫిల్ అని చిన్నచూపు చూశారు. 1988లో కంపెనీ దివాలా తీసి, ఉన్నవన్నీ వదిలించుకుని దాదాపు ఈ ఒక్క మోడల్ మీదే మళ్లీ లేచి నిలబడింది. ఇప్పుడు నట్ పద్ధతి వల్లే ఇంట్లో బ్యారెల్ మార్చుకునే అలవాటు పుట్టింది, ముందే గది తొలిచిన బ్యారెళ్లు అమ్మే వ్యాపారం పుట్టింది. అందం సంగతి అడక్కండి. ఆ నట్ ఎప్పటికీ అందంగా ఉండదు.

బ్యారెల్ చేత్తో చేస్తే మంచిదా, మిషన్ మీద చేస్తే మంచిదా?

గుండు తిరుగుతూ వెళ్లడానికి బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. 30 క్యాలిబర్‌లో (రంధ్రం వెడల్పు అంగుళంలో నూటికి ముప్పై వంతులు) ఒక్కో గాడి లోతు అంగుళంలో వెయ్యికి నాలుగు వంతులు. ఆ గాడులు తీయడానికి మూడు దారులు.

మొదటిది పాతది. కొక్కెం లాంటి ఒకే పంటి కత్తిని లోపల లాగుతూ ప్రతిసారీ పొర కన్నా పల్చగా ఉక్కు గీకడం. ఒక బ్యారెల్‌కు వందలసార్లు లాగాలి. ఉక్కులో ఒత్తిడి మిగలదు, అందుకే పోటీ షూటర్లకు ఇది ముద్దు. రెండోది బటన్. గాడుల ఆకారం ఉన్న గట్టి కార్బైడ్ ముక్కను రంధ్రంలోంచి ఒక్కసారి లాగితే గాడులు అదుముకుపోతాయి. రెమింగ్టన్‌లో పనిచేసిన మైక్ వాకర్ ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. మూడోది సుత్తి పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీలో మెషిన్‌గన్ బ్యారెళ్ల కోసం పెరిగింది. పొట్టిగా, లావుగా ఉన్న గొట్టంలో గాడుల అచ్చున్న కడ్డీ పెట్టి నాలుగు వైపుల నుంచీ సుత్తులతో బాదుతారు. గొట్టం సన్నబడి పొడవై, గాడులతో సహా నిమిషాల్లో బయటికి వస్తుంది. మిషన్ ఖరీదు కళ్లు తిరిగేంత, బ్యారెల్ ఖరీదు మాత్రం చాలా తక్కువ. రూగర్ అమెరికన్‌కీ ఫిన్లాండ్ రైఫిల్ టిక్కాకీ వాడేది ఇదే.

చౌక రైఫిల్ గురికి పెద్ద కారణం ఈ బ్యారెలే. అన్నీ గొప్పగా ఉండవు, కానీ మొదటిదీ పదివేలోదీ దాదాపు ఒకలాగే ఉంటాయి. ఖరీదైన చేతి బ్యారెల్ ప్రత్యేకత చివర్లో వస్తుంది. లోపల కరిగిన సీసం పోసి, ఆ సీసపు కడ్డీకి రాపిడి మందు పూసి ముందుకూ వెనక్కీ చేత్తో ఆడిస్తారు. బిగువు ఎక్కడ మారుతోందో పనివాడికి అరచేతిలో తెలుస్తుంది. అలా నునుపు చేసిన బ్యారెల్ తక్కువ రాగి పట్టుకుంటుంది, శుభ్రం చేయడం తేలిక. అయితే ఇందులోనూ యంత్రం దూరింది. పేరున్న బ్యారెల్ కంపెనీ బార్ట్‌లీన్‌లో ఒంటి పంటి కత్తిని లాగేది కంప్యూటర్ నడిపే మిషనే.

ప్లాస్టిక్ స్టాక్ మీద గురి ఎలా నిలుస్తుంది?

మసి పూసి గీకే పనికి బదులు ఇంజనీర్లు వెతికిన దారి ఇది. రూగర్ అమెరికన్ 2012లో దుకాణాల్లోకి వచ్చినప్పుడు కంపెనీ రాసిన ధర 449 డాలర్లు. దాని స్టాక్ నైలాన్ పోత. అచ్చులోనే 'వి' ఆకారపు ఉక్కు దిమ్మలు రెండు ఇమిడ్చేశారు. రిసీవర్ ఆ రెండు వి-ల మధ్య కూర్చుంటుంది. గుండ్రటి వస్తువు వి గాడిలో ఎన్నిసార్లు పెట్టినా ఒకే చోట కూర్చుంటుంది. మంచి స్టాక్‌మేకర్ వారం రోజులు పడే శ్రమకు ఫలితం దాదాపు ఇదే. ప్లాస్టిక్ కర్రలా నీరు పీల్చి ఉబ్బదు కాబట్టి వానకు గురి మారే బాధ కూడా తీరింది.

ఇక ప్లాస్టిక్‌కు ఉన్న జబ్బు మెత్తదనం. దుకాణంలో చౌక రైఫిల్ చేతికిస్తే, బ్యారెల్ కింద స్టాక్ ముందు భాగాన్ని వేళ్లతో పక్కకు నొక్కి చూడండి. కొన్నింటిలో అది వంగి బ్యారెల్‌కు తగులుతుంది. అలాంటప్పుడు సంచి మీద ఆనించి కాల్చినా, భుజానికి తగిలించే పట్టీ బిగించి పట్టుకున్నా గుండు పడే చోటు మారిపోతుంది. రేంజ్‌లో పాత షూటర్లు ఒక డాలర్ నోటు మడత పెట్టి బ్యారెల్ కిందుగా లాగుతారు. రిసీవర్ దాకా అడ్డు లేకుండా జారితే సరే.

ట్రిగ్గర్ సంగతేమిటి?

ఇక్కడ శత్రువు వకీలు. ఎవరైనా కేసు వేస్తారేమోనన్న భయంతో ఫ్యాక్టరీలు ట్రిగ్గర్లను బరువుగా, గరుగ్గా పెట్టి పంపేవి. గన్‌స్మిత్ దగ్గర సాన పట్టించుకోవడం కొన్నవాడి ఖర్చు. భయానికి కారణమూ లేకపోలేదు. రెమింగ్టన్ పాత ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందన్న ఫిర్యాదుల మీద ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ డెబ్బై లక్షలకు పైగా తుపాకులు వర్తించేలా పరిష్కారానికి ఒప్పుకుంది.

2000ల మొదట్లో సావేజ్ అక్యుట్రిగ్గర్ తెచ్చింది. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి మీట ఒకటి ఉంటుంది. దాన్ని వేలు నొక్కకపోతే, రైఫిల్ కింద పడ్డా లోపలి కొక్కెం జారదు. అందువల్ల బరువు బాగా తగ్గించినా భయం లేదు. ఆ తర్వాతి పదేళ్లలో చాలా కంపెనీలు ఇలాంటివే పెట్టడం మొదలుపెట్టాయి. చౌక రైఫిళ్ల గురి జనానికి కనబడింది ఈ ట్రిగ్గర్ల తర్వాతే అంటాను. బ్యారెల్‌లో గురి అంతకుముందూ ఉంది, బరువైన ట్రిగ్గర్ దాన్ని బయటికి రానిచ్చేది కాదు.

ట్రిగ్గర్ లోపలి పని మాత్రం మీరు ఇంట్లో చేయకండి. కంపెనీ ఇచ్చిన మర తిప్పుకోవడం వరకే.

పోత పోసిన భాగాలు బలహీనం కదా?

అన్నీ కాదు. రూగర్ 1968 నుంచి మోడల్ 77 రిసీవర్లను మైనం అచ్చుల మీద పోత పోసి చేస్తోంది. మన స్థపతులు పంచలోహ విగ్రహాలు పోసేది కూడా ఈ మైనం పద్ధతిలోనే, లోహం మాత్రం వేరు. ఆ రైఫిళ్లు బలహీనమని ఎవరూ అనలేదు, పైగా మొరటు బలానికి వాటికి పేరు. చిన్న భాగాలకు వాడే ఎంఐఎం, అంటే లోహపు పొడిని జిగురుతో కలిపి అచ్చులో నింపి కాల్చడం, జాగ్రత్తగా చేస్తే మంచిదే. హడావిడిగా చేస్తే లోపల బుడగలు మిగులుతాయి. ట్రిగ్గర్ ముక్కకు పరవాలేదు. తూటా లాగే కొక్కెం లాంటి దానికైతే నేను కోసిన ఉక్కునే కోరుకుంటాను.

మరి చౌక రైఫిల్‌లో పోయేదేమిటి?

గురి తప్ప చాలా పోతాయి.

బోల్ట్ ముందుగా. చౌక రైఫిల్‌లో వెనక్కి లాగితే గరగరమంటుంది, సగంలో కాస్త పక్కకు వాలితే పట్టేస్తుంది. రేంజ్‌లో నింపాదిగా కూర్చున్నప్పుడు ఇది లెక్కలోకి రాదు. మొదటి దెబ్బ సరిగ్గా పడని జింక పొదల్లోకి దూసుకుపోతున్నప్పుడు రెండో తూటా లోపలికి వెళ్లకపోతే అప్పుడు తెలుస్తుంది. మ్యాగజైన్ తర్వాత. ప్లాస్టిక్ పెదాలు, పట్టీ పట్టని గొళ్లెం, చలికి గ్లవ్స్ వేసుకున్న వేళ్లకు అందని బటన్. చౌక రైఫిళ్ల మీద ఫిర్యాదుల్లో సగం మ్యాగజైన్ గురించే వింటాను. స్టాక్ మెత్తదనం పైన చెప్పాను. రంగు, పూత పల్చన. తేమలో రెండు సీజన్లు వదిలేస్తే బోల్ట్ పిడి మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. తిరిగి అమ్మితే చాలా తక్కువ వస్తుంది. విడిభాగం కావాలంటే ఆ మోడలే ఆగిపోయి ఉండొచ్చు. ఐదు వందల డాలర్ల రైఫిల్‌ను బాగుచేయడానికి గన్‌స్మిత్ గంట కూలి గిట్టదు, పారేసి కొత్తది కొనమంటాడు.

ఇవన్నీ పనితనం ఉండే చోట్లే. గురిని డిజైన్‌లోకి ఎక్కించగలిగారు. నునుపును ఆ ధరలో ఇంకా ఎక్కించలేకపోయారు. టిక్కాను మినహాయించాలి.

టిక్కాను అందరూ ఎందుకు మెచ్చుకుంటారు?

ఫిన్లాండ్‌లోని రీహిమాకిలో సాకో ఫ్యాక్టరీ ఉంది. ఖరీదైన సాకో రైఫిళ్లు, వాటి సగం ధర టిక్కాలు అక్కడే తయారవుతాయి. 2003లో టి3, 2016లో టి3ఎక్స్. ఎక్కడ పొదుపు చేశారో చూస్తే ముచ్చటేస్తుంది. చిన్న తూటాకూ పెద్ద తూటాకూ ఒకే పొడవు రిసీవర్. మ్యాగజైన్, ట్రిగ్గర్ గార్డు ప్లాస్టిక్. బ్యారెల్, బోల్ట్, ట్రిగ్గర్ దగ్గర మాత్రం ఒక్క పైసా తగ్గించలేదు. బోల్ట్ నూనె పోసినట్టు జారుతుంది. మ్యాగజైన్ ప్లాస్టిక్ అని కొందరు సణుగుతారు గానీ అది సరిగ్గా పనిచేస్తుంది. అమెరికాలో చౌక రకాలకన్నా మూడు నాలుగు వందలు ఎక్కువ పెట్టాలి. ఒకే ఒక్క రైఫిల్ కొనుక్కుని ఇరవై ఏళ్లు వాడేవాళ్లకు నా ఓటు దీనికే.

అయితే చేతిపని రైఫిల్‌కు లక్షలు పోసేవాళ్లు పిచ్చివాళ్లా?

కాదు. వాళ్లు కొనేది గురి కాదు, అంతే. లండన్‌లో పర్డీ, రిగ్బీ, హాలండ్ అండ్ హాలండ్, ఆస్ట్రియాలో ఫెర్లాఖ్ పట్టణపు పనివాళ్లు చేసే రైఫిళ్లలో నగిషీ, కర్ర నరాల అందం, కొనేవాడి మెడకూ చేతికీ కొలిచి చెక్కిన స్టాక్ ఉంటాయి. ఒకప్పుడు మన మహారాజులు, నవాబులు ఈ లండన్ కంపెనీలకు పెద్ద ఖాతాదారులు.

చెయ్యి తప్ప గత్యంతరం లేని రైఫిల్ ఒకటి ఇప్పటికీ ఉంది: రెండు బ్యారెళ్ల డబుల్ రైఫిల్. పక్కపక్కన ఉన్న రెండు గొట్టాలూ ఒకే చోట కొట్టాలి. కాలిన క్షణంలో కుడిది కుడికి, ఎడమది ఎడమకు తన్నుతుంది కాబట్టి వాటిని సమాంతరంగా కాకుండా లోపలికి వంచి అతకాలి. ఎంత వంచాలో లెక్కకు అందదు. రెగ్యులేటర్ అనే పనివాడు బ్యారెళ్ల కొసలో చిన్న చీల పెట్టి అతికి, కాలుస్తాడు. గుళ్లు దూరంగా పడితే అతుకు కరిగించి చీల కాస్త జరిపి, మళ్లీ అతికి, మళ్లీ కాలుస్తాడు. రెండూ కలిసేదాకా ఇదే. అదీ ఒక రకం తూటాకే. తూటా మారితే కలిసిన గుళ్లు మళ్లీ విడిపోతాయి. ఇంత చేసినా వంద గజాల దగ్గర అది ఐదొందల డాలర్ల సావేజ్‌తో పోటీ పడలేదు. లక్ష పౌండ్లు దాటిన డబుల్ రైఫిళ్లున్నాయి. అవి దగ్గర నుంచి దూసుకొచ్చే అడవి దున్నకు రెండో దెబ్బ క్షణంలో వేయడానికి. పని వేరు.

అమెరికాలో "కస్టమ్ రైఫిల్" అంటే చేత్తో చేసినదేనా?

చాలావరకు కాదు. మూడు వేల డాలర్ల కస్టమ్ రైఫిల్ యాక్షన్‌ను (బోల్ట్, రిసీవర్ జతను) కూడా సీఎన్‌సీ మిషనే, అంటే కంప్యూటర్ నడిపే మిషనే, కోస్తుంది. గట్టిపరిచాక మిగిలిన వంకరను తీసేది వైర్ ఈడీఎం, అంటే కరెంటు మెరుపుతో కోసే తీగ. మనిషి చెయ్యి పడేది గది తొలవడం, అమర్చడం, కాల్చి చూడటం దగ్గర. అక్కడ మంచి చెయ్యి ఇప్పటికీ తేడా చూపిస్తుంది. చౌకదానికీ దీనికీ తేడా మిషన్ ఒక్కో ముక్క మీద ఎంతసేపు ఉంటుంది, ఎన్ని ముక్కల్ని తనిఖీలో పక్కన పడేస్తారు అన్నదే ఎక్కువ.

వెయ్యి డాలర్లున్నాయి. ఎలా ఖర్చుపెట్టాలి?

రైఫిల్‌కు సగం, స్కోప్‌కూ దాన్ని పట్టే రింగులకూ మూడు వందలు, మిగతాది తూటాలకు. ఎనిమిది వందలు రైఫిల్‌కే పోసి వంద డాలర్ల స్కోప్ బిగించేవాళ్లు ఎక్కువ, గురి తప్పితే రైఫిల్‌ను తిడతారు. రింగుల మరలు సామాన్యంగా 15-20 అంగుళ-పౌండ్ల బిగువు కోరతాయి. ఆ కొలత చూపే చిన్న రెంచ్ కొనండి. నేను చూసిన "గురి లేని" రైఫిళ్లలో వదులు మరలే ఎక్కువ.

తూటాలు మూడు రకాలు, ఒక్కో పెట్టె కొనండి. ఒకే బ్యారెల్ ఒక రకాన్ని అంగుళంలో, ఇంకోదాన్ని రెండున్నరలో పెట్టడం మామూలే. కొత్తవాళ్లు రైఫిల్ కొనేటప్పుడు 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా కొలత ఎంచుకుంటే మంచిది. 2007లో వచ్చింది, భుజానికి తగిలే దెబ్బ తేలిక, దాదాపు ప్రతి దుకాణంలో దొరుకుతుంది. మీరు ఇచ్చే ధరలో ఒక భాగం అడవులకే వెళ్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం సుంకం వసూలై వన్యప్రాణుల సంరక్షణకు రాష్ట్రాలకు చేరుతుంది.

అదే డబ్బుకు పాత మంచి రైఫిల్ కొనొచ్చా?

కొనొచ్చు, తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లి. పాత రెమింగ్టన్ 700 అయితే ట్రిగ్గర్ మార్పించారో లేదో ముందు అడగండి. బోల్ట్ తీసి బ్యారెల్ లోపల లైటు వేసి చూడండి, గది ముందు గాడులు అరిగి పగుళ్లు తేలితే వదిలేయండి. స్టాక్ వెనుక మర దగ్గర కర్ర చీలిందేమో చూడండి. ఇవి సరిగ్గా ఉంటే పాత హోవా 1500, దాని అన్న వెదర్‌బీ వాన్‌గార్డ్ ధరకు మించిన పనితనం ఇస్తాయి. రెండూ జపాన్‌లో ఒకే చోట తయారైనవే.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. రైఫిల్ కొనొచ్చా?

ఇది ఆషామాషీగా తీసుకోకండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఇందులోకే వస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి, అందులో ఒకటి గడువు తీరని వేట లైసెన్సు. ఏ రాష్ట్రం ఇచ్చినదైనా పనికొస్తుంది. లైసెన్సు గడువు ముగిసిన రోజు నుంచి ఇంట్లో ఉన్న రైఫిలే నేరమవుతుంది, కాబట్టి తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడటం చౌక.

టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. తప్పనిసరి కాకపోయినా చేయమనే చెబుతాను. తుపాకీని ఎటు చూపించి నడవాలో అక్కడ నేర్పుతారు.

తిరిగొచ్చేటప్పుడు ఇండియాకు తెచ్చుకోవచ్చా?

వేట కోసమైతే ఆ ఆలోచనే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ జింకను కొడితే జైలు. తుపాకీకి ఆయుధాల చట్టం కింద లైసెన్సు, దిగుమతికి వేరే అనుమతులు. మనవాళ్లలో చాలామంది అక్కడే లైసెన్సున్న డీలర్‌కు అమ్మేసి వస్తారు. టిక్కా అయితే మంచి రేటే పలుకుతుంది.